తవుడమ్మ తప్పుకున్న లెక్క

అనగనగా, లెక్కలు తాటాకుల మీదికి ఎక్కకముందు, వేళ్ల మీదే నడిచిన కాలంలో, ఒక ఏటి ఒడ్డున చాపలు అల్లేవాళ్ల గూడెం ఉండేది. అందులో పద్నాలుగు మంది. అందరిలోకీ పెద్దది తవుడమ్మ. ఏటికి ఇవతల ఒక రాజు నేల, అవతల ఇంకో రాజు నేల. దాటిపోయినవాళ్లు మళ్లీ ఇవతల కాలు పెట్టకూడదు. అది కట్టుబాటు.

ఒక ఏడు ఇవతలి రాజు నాలుగు కోటలు కట్టించాడు. కోటకోటకీ చాపలవాళ్లు కావాలన్నాడు. కోటలు కాసే దళవాయిలు ఇద్దరో ముగ్గురో నలుగురో వచ్చి, గూడెంలో ఎందరుంటే అందర్నీ సమానంగా పంచుకుని తోలుకుపోవాలి. ఒక్కరు మిగిలినా ఆ పంపకం కోటకి కీడని రాజుగారి నమ్మకం. అలా మిగిలితే, ఆ లెక్క మారనంతకాలం ఆ గూడేన్ని ఉన్నచోటే వదిలేయాలి.

పై గూడెంలో పన్నెండు మంది ఉండేవారు. ముగ్గురు దళవాయిలు వచ్చారు. తలా నలుగురు. తల్లి తూర్పు కోటకి, చంటిది పడమటి కోటకి. ఆ తల్లి ఏడుపు ఏటి పొడుగునా వినిపించింది.

రేపు మీ వంతని తవుడమ్మ గూడేనికి కబురొచ్చింది.

ఆ మధ్యాహ్నం తవుడమ్మ గుడిసె ముందు కూర్చుని చింతపిక్కలు పేర్చింది. తుంగపోచల్ని వరుసలుగా సర్దిన చేతులు కదా, వాటికి అదే తోచింది. పద్నాలుగు పిక్కలు ఏడేసి చొప్పున రెండు వరుసల్లో ఇట్టే సర్దుకున్నాయి. అంటే ఇద్దరు దళవాయిలొస్తే చాలు, గూడెం రెండుగా చీలిపోతుంది.

అటుగా వెళ్తూ కోడలు ఎర్రయ్యమ్మ, పొయ్యి మీద గంజి పొంగిపోతుంటే అత్తకి ఆటలు కావలసొచ్చాయని దెప్పింది. తవుడమ్మ వరుస చివరి నుంచి ఒక పిక్క తీసి పక్కన పెట్టింది.

పదమూడు. రెండు వరుసలు చేస్తే ఒకటి మిగిలింది. మూడు చేసినా మిగిలింది. నాలుగు చేసినా మిగిలింది. ఎంత బతిమాలినా ఆ పిక్కలు ఒకే ఒక్క పొడుగు వరుసలో తప్ప కుదురుగా పడుకోలేదు. ఎంత చిత్రమైన లెక్క, దీన్ని ఎవరూ చీల్చలేరే అనుకుంటూ ఆవిడ చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

పక్కన పెట్టిన పిక్క ఎవరా అని మాత్రం ఆవిడ ఎక్కువ ఆలోచించలేదు. పసివాళ్లని ఏరు దాటించి పంపలేం. ఇంకా చాలా ఏళ్లు చాప అల్లాల్సిన చేతుల్ని పంపలేం.

తెల్లవారాక మనవరాలు పైడికి జడ వేసింది. తుంగ కోసుకొస్తానని చెప్పి, కొడవలి తీసుకోకుండానే వెళ్లింది. నడుంలోతు నీళ్లు దాటి అవతలి ఒడ్డున తుంగలో నిలబడింది.

ఇద్దరు దళవాయిలు వచ్చారు. ఆరేసి మందిని పంచుకున్నారు. వరుస చివర పైడి మిగిలింది. మూడో కోట దళవాయిని పిలిపించారు. తలా నలుగురు. పైడి మిగిలింది. నాలుగో కోటవాడూ వచ్చాడు. తలా ముగ్గురు. మళ్లీ పైడే.

పంట్లో ఇరుక్కున్న పీచులా ఉంది ఈ పిల్ల అని పెద్ద దళవాయి విసుక్కున్నాడు. ఇంకెవరైనా దాక్కున్నారా అని గద్దించాడు.

ఎర్రయ్యమ్మ అత్త కోసం చుట్టూ చూసింది. ఏటి అవతల తుంగలో నెరిసిన తల కనిపించింది. పిలవబోయింది. అత్త తల అడ్డంగా ఊపింది. అప్పుడు కోడలికి ఆ పిక్కల ఆట అర్థమైంది.

"ఈ ఒడ్డున మేం పదమూడు మందిమే బాబూ," అంది. అది అబద్ధం కాదు.

దళవాయిలు వట్టి చేతులతో వెళ్లిపోయారు. పైడి ఒడ్డుకి పరుగెత్తింది.

"నానమ్మా, వాళ్లు పోయారు. వచ్చెయ్."

తవుడమ్మ కదల్లేదు. కొడుకు సింహాద్రి తల్లి కోసం నీళ్లలోకి దిగాడు. ఎర్రయ్యమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఆవిడ వస్తే పద్నాలుగు," అంది ఏడుస్తూ. "నువ్వెళ్తే పన్నెండు."

సింహాద్రి మోకాళ్ల లోతు నీళ్లలో అలాగే నిలబడిపోయాడు. తవుడమ్మ ఇవతలి ఒడ్డున ఉన్నవాళ్లని ఒక్కొక్కరినే చూసుకుంది. పదమూడు. ఒక్కరూ తగ్గలేదు. అటు తిరిగి నడిచింది. అటువైపు ఆవిడని లెక్కపెట్టేవాళ్లు ఎవరూ లేరు.

అందుకే పిల్లలూ, ఒక ఇల్లు చీలకుండా నిలిచిందంటే, అందులో ఉన్నవాళ్లనే కాదు, అది నిలవడానికి తప్పుకున్నవాళ్లనీ లెక్కలో వేసుకోవాలి.