తొమ్మిది రోజుల నీటిమట్టం

గోదారికి వరదొచ్చిందంటే చాలు, భీమశంకరానికి అన్నం సహించదు. ఆశ్రమంలో అందరికీ తెలిసిన సంగతే. ఎందుకో మాత్రం ఎవరికీ తెలియదు.

గోదారి ఒడ్డునున్న ఆ ఆశ్రమంలో ఒక ఆచారం ఉంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎవరో ఒకరు రేవు మెట్లు దిగి, గీతలు చెక్కిన రాతి దగ్గర నీళ్లు ఎందాకా వచ్చాయో చూసి పుస్తకంలో రాయాలి. జపం మానినా క్షమిస్తారు గానీ, అది మానితే ఆశ్రమం పెద్ద నిరంజన స్వామి ఊరుకోరు. అలా ఎనభై ఏళ్ల గోదారి ఆ పుస్తకాల్లో ఉంది.

భీమశంకరం కంప్యూటర్ చదువు చదివి స్వామి దగ్గర శిష్యుడిగా చేరినవాడు. రెండేళ్లు నడుం విరిగేలా కష్టపడి ఆ పుస్తకాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. గోశాల పక్క గదిలో కంప్యూటర్లు పెట్టాడు. కరెంటు పోతే బ్యాటరీలు, గది మునిగినా పోకుండా ఇంకో ఊళ్లో మరో ప్రతి. ఏ దేశంలో కూర్చున్నవాళ్లయినా, ఎవర్నీ అడక్కుండా ఇంటర్నెట్‌లో ఆ కొలతలు తీసుకుని లెక్కలు కట్టుకోవచ్చు. కొన్ని సంవత్సరాల కొలతలైనా ఎవరికీ కనబడకుండా తాళం వేద్దామని భీమశంకరం రెండుమూడు సార్లు నసిగాడు. "గోదారి మనదేం కాదు కదా నాయనా" అన్నారు స్వామి, అంతే.

ఆ శ్రావణంలో ఎగువన ఆనకట్టల గేట్లన్నీ ఎత్తేశారు. ఆశ్రమానికి ఎదురుగా నది మధ్య ఒక లంక ఉంది, ముప్పై గడపలు. లంక పెద్ద కొల్లాటి సింహాద్రి మిట్టమధ్యాహ్నం పడవేసుకుని వచ్చాడు.

"అయ్యగారూ, పిల్లాజెల్లా, గొడ్డూగోదా అంతా అక్కడే ఉన్నారు. ఖాళీ చేసి రమ్మంటారా, ఉండమంటారా?"

అప్పుడే భీమశంకరం ఫోన్ మోగింది. ఎక్కడో విశ్వవిద్యాలయంలో నదుల మీద పరిశోధన చేసే నస్రీన్. వారం రోజులుగా ఈ కొలతలతోనే లెక్క కడుతోంది.

"ఇసక మేటలు మారి పాత కొలతలు పనికిరాకుండా పోయాక వచ్చిన పెద్ద వరద నాలుగేళ్ల కిందటిది ఒక్కటేనండీ. దాని కొలతలు మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. వాటినిబట్టి చూస్తే లంక మునగదు" అంది సంతోషంగా.

భీమశంకరం ఫోన్ చెవి నుంచి దించాడు.

నాలుగేళ్ల కిందట మెట్లు దిగే వంతు అతనిదే. వరదొచ్చిన రెండో రోజు ఒక చెట్టు మొద్దు కొట్టుకొచ్చి, అతనికి మూరెడు దూరంలో మెట్టుని పగలగొట్టుకుంటూ పోయింది. ఆ తర్వాత తొమ్మిది రోజులు అతను కిందికి దిగితే ఒట్టు. పై వసారాలో కూర్చుని తోచిన అంకె రాశాడు. మహానుభావుడు, అది కూడా నమ్మేలా రాశాడు. ఒకనాడు రెండు అంగుళాలు ఎక్కువ, ఒకనాడు అంగుళం తక్కువ. తర్వాత వాటిని తన చేత్తోనే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు.

"ఏమంటోంది ఆ అమ్మాయి?" అని అడిగారు స్వామి.

"లంక మునగదంటోంది స్వామీ."

"నువ్వేమంటావు?"

నిజం చెప్పేద్దామనుకున్నాడు. ఎదురుగా సింహాద్రి తననే చూస్తున్నాడు. సిగ్గు ముంచుకొచ్చింది.

"లెక్క చెప్పాక నేననేదేముంది స్వామీ."

స్వామి లోపలికెళ్లి రెండు చాపలు చుట్టి చంకలో పెట్టుకొచ్చారు.

"అయితే పద. ఈ పూట మనం కూడా లంకలోనే పడుకుందాం. సింహాద్రీ, మా ఇద్దరికీ కాస్త చోటు చూపించు."

డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఈత రాదు. చకచకా మెట్లు దిగి పడవలో కూర్చుని, పక్కన శిష్యుడికి చోటు వదిలారు. ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతూ పడవని లాగుతున్నాయి. భీమశంకరం పై మెట్టు మీదే ఆగిపోయాడు.

"శంకరం, రావేం?"

అతను మెట్టు మీద కూలబడిపోయాడు.

"దిగండి స్వామీ, మీకు దణ్ణం పెడతాను. నాలుగేళ్ల కిందటి వరదలో తొమ్మిది రోజులు నేను రేవులోకి దిగలేదు. ఆ అంకెలన్నీ నేను కల్పించినవే, ఆ అమ్మాయి లెక్క కట్టింది వాటితోనే."

సింహాద్రి పడవని ఒడ్డుకి అదిమి పట్టాడు. స్వామి దిగి వచ్చారు.

"ఆ అమ్మాయికి చెప్పు" అన్నారు.

చెప్పాడు. "అవి తీసేస్తే నా దగ్గర లెక్కే లేదండీ. ముందు ఊరు ఖాళీ చేయించండి" అంది నస్రీన్.

స్వామి చాపలు ఒడ్డున పడేశారు. ఆ మధ్యాహ్నమంతా పడవలు తిరిగాయి. ఎవరూ పిలవకుండానే భీమశంకరం మొదటి పడవ ఎక్కాడు. ప్రతి తడవా ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే వెళ్లాడు, పసిపిల్లల్ని చంకనేసుకుని వచ్చాడు. పొద్దు గూకేలోపు మనుషులందరూ ఇవతలికి చేరారు.

తెల్లారి చూస్తే లంకలో కొబ్బరి చెట్ల తలలు, నాలుగు ఇళ్ల కప్పులు తప్ప ఏమీ కనిపించలేదు.

ఆశ్రమం వసారాలో స్వామి లంకవాళ్లకి గంజి పోస్తున్నారు. భీమశంకరం దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు.

"ఆ తొమ్మిది రోజులూ చెరిపేస్తాను స్వామీ. ఇంకెవరి కంటా పడకముందే."

"అంకెలు చెరుపు. ఆ చోట్లో ఏం రాస్తావు?"

అతను గంజి కుండ స్వామి దగ్గరికి జరిపాడు.

"భయం వేసింది, దిగలేదు అని రాయి. కింద నీ పేరు పెట్టు."

"లోకమంతా చూస్తుంది స్వామీ."

స్వామి ఒక ముసలమ్మ చేతికి గిన్నె అందించి, అతని వైపు తిరిగారు.

"చూడాలనే కదా నాయనా, తాళం వేయలేదు."