లేడి నార, నక్క మోకాలు

"ఈ అడవిలో పరుగంటే నాది. మిగతావాళ్లది నడక!" అంది నక్క. అంటున్నది పరుగెడుతూ కాదు. వడ్రంగిపిట్ట డాక్టరమ్మ ఆసుపత్రిలో, వాచిన మోకాలు గడ్డిదిండు మీద పెట్టుకుని.

సింహంగారికి వార్తలు మోసే కొలువు ఒకటి ఖాళీ అయింది. దానికోసం పోటీపడి నక్కా, లేడీ ఒకే వాగు మీదుగా ఒకేసారి దూకి గుద్దుకున్నాయి. రెండింటికీ మోకాలి ఎముకల్ని కలిపి ఉంచే నార తెగింది. ముందు లేచి పరుగెత్తినవాళ్లదే కొలువు అన్నారు సింహంగారు.

లేడి తన తొడలోంచే ఓ నార తీయించి మోకాట్లో వేయించుకుంది. నక్క మాత్రం, "నా తొడ మీద గాటా? అందం పోదూ!" అని మొండికేసింది.

"సరే, అడవిపంది నార వేస్తాలే. ముందు ఉప్పునీళ్లలో నానబెట్టి బాగా కడగాలి," అంది డాక్టరమ్మ.

"అంత ఉతుకుడెందుకమ్మా?"

"ఒంట్లో కాపలావాళ్లుంటారు నాయనా. సొంత నారైతే పలకరించి వదిలేస్తారు. పరాయి ఆనవాలు కనబడిందా, కర్రలెత్తుకుని మీదపడతారు. అందుకే ఆ ఆనవాలు కడిగేయాలి."

ఈలోగా లేడి లేచి నాలుగడుగులు వేసింది. కోతులు ఈలలు వేశాయి. నక్కకి మోకాలి మంట కంటే కడుపుమంట ఎక్కువైంది.

"ఏం బావా, ఇంకా పడకేనా?"

"నీకేం మరదలా! నీకు తాజా సరుకు, నాకు చాకిరేవు సరుకు."

"నాది నాకే వేశారు బావా!"

"ఆఁ, చెప్పొచ్చావులే!"

లేడికి వేయగా మిగిలిన నార మోదుగాకులో చుట్టి ఉంది. 'దాని గంతులన్నీ ఇందులోనేగా ఉన్నాయి' అనుకుంది నక్క. డాక్టరమ్మ ముక్కు నూరుకోడానికి బయటికెళ్లగానే ఉప్పుకుండలోని పంది నార తీసేసి, లేడి నార అందులో పడేసింది. పులిని చూసి వాత పెట్టుకున్న నక్క గురించి విన్నాం; ఇది లేడిని చూసి పెట్టుకున్న వాత.

చూపు తగ్గిన డాక్టరమ్మ తిరిగి రాగానే, కడిగిన పంది నారే అనుకుని కుండలో ఉన్నదే తీసి, టకటకా ఎముకకి బెజ్జం పెట్టి, దూర్చి కట్టేసింది.

కొద్దిరోజులకే మోకాలు తాటిపండంత అయింది. ఒళ్లు పెనంలా కాలిపోయింది. డాక్టరమ్మ కట్టు విప్పి, వాసన చూసి అదిరిపడింది.

"ఇది పచ్చి లేడి నార! నీ కాపలావాళ్లు దీన్ని చితకబాదుతున్నారు. ఎవరు మార్చారు?"

నక్క తోక కాళ్ల మధ్యకి ముడుచుకుంది. "ఇంకెవరు... నేనే."

బయట సింహంగారి కబురు పట్టుకుని లేడి దూసుకుపోయింది.

"పోనీలే, వాపు తగ్గాక కడిగిన పంది నారే వేస్తా. ఎక్కడ దాచావు?"

నక్క నేలచూపులు చూసింది.

"దాచలేదమ్మా... తినేశాను. ఉప్పుప్పగా, భలేగా ఉంది."

నీతి: కుళ్లుకుని తెచ్చుకున్నది ఒంటికి పట్టదు, మనకని పెట్టింది చేతిలో మిగలదు.