నెమలి మాస్టారి ఉత్తరం

చిన్న కథ చెబుతాను, నిలబడే వినెయ్యొచ్చు. చింతలకోన అడవిలో ఓ నెమలి, ఓ కౌజుపిట్ట, బోలెడు కుందేళ్ళు ఉండేవి. ఎలుగుబంటి కూడా ఉండేది. తేనెపట్టులో మూతి పెట్టి, బుగ్గలు వాచి, "ఒళ్ళు చేశాను" అని అందరికీ చెప్పుకునేది. దాని పెళ్ళాం కూడా నమ్మలేదు. సరే, దాని గోల మనకెందుకు.

ఆ ఏడు ఎండలకు మడుగు ఎండిపోయింది. ఉత్తరాన వాగులో నీళ్ళున్నాయి. దక్షిణాన చిరుతపులి గుహ ఉంది. పిల్లలకు దిక్కులు నేర్పక తప్పలేదు.

కౌజుపిట్ట పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా నిలబడింది. తన పిల్లల్ని వెనక నిలబెట్టింది.

"ముక్కు తూర్పు, తోక పడమర! ఎడమకు గెంతు, ఉత్తరం! కుడికి గెంతు, దక్షిణం! తై తక్క, తై తక్క!"

పిల్లలు దుమ్ము లేచేలా గెంతారు.

కుందేలు పిల్లలకు పాఠాలు చెప్పే నెమలి నవ్వాడు. "పిల్లలకు వీపు చూపించే పంతులమ్మను ఇప్పుడే చూస్తున్నాను."

"అందరం ఒకే వైపు చూస్తే అడుగు తప్పదు మాస్టారూ," అంది కౌజుపిట్ట.

నెమలి మాత్రం కుందేలు పిల్లలకు ఎదురుగా నిలబడి పురి విప్పాడు. పురి విప్పిన నెమలి వెనక నుంచి ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. తెలియకపోతే అడగకండి. ఆయన "ఉత్తరం" అంటూ తన ఎడమకు గెంతాడు. ఎదురుగా ఉన్న పిల్లలూ అటే గెంతారు. అది వాళ్ళకు కుడి.

మర్నాడు పొద్దున్నే, "మీరే దారి తీయండి," అని నెమలి ఈకలు సవరించుకుంటూ వెనక నడిచాడు. పిల్లలు సూర్యుడి వైపు తిరిగి, "ఉత్తరం, ఉత్తరం" అని పాడుతూ కుడికి గెంతుకుంటూ పోయారు. గుహ వచ్చింది.

"మాస్టారూ, వాగు ఇంత చీకటిగా ఉంటుందా?"

"నీళ్ళు లోపలున్నాయి. ముందు నా ఆట చూడండి," అని నెమలి గుహకు వీపు పెట్టి పురి విప్పాడు.

ఆ వీపును అంత దగ్గరగా చూసింది చిరుతపులి ఒక్కటే. గబుక్కున నోట కరిచింది. తోక మొత్తం ఊడొచ్చింది. నోటి నిండా ఈకలు, ముక్కు నిండా ఈకలు. తుమ్ములు మొదలయ్యాయి.

"ఎటు పరుగెత్తాలి మాస్టారూ?"

దూరంగా వాగు వైపు నుంచి "తై తక్క" వినిపిస్తోంది. "నా వెనకే రండి!" అని నెమలి అటే పరుగు లంకించుకున్నాడు. పిల్లలకు ఆయన వీపు కనిపించడం అదే మొదటిసారి. దాన్నే చూస్తూ పరుగెత్తి, అందరూ నేరుగా వాగులో పడి కేరింతలు కొట్టారు.

విప్పి చూపించడానికి పురి ఇక లేదు కాబట్టి, నెమలి ఇప్పుడు పిల్లలకు వీపు పెట్టి సూర్యుడి వైపు తిరిగే నేర్పుతున్నాడు. అడవిలో ఆయనంత బాగా నేర్పేవాళ్ళు లేరు. కౌజుపిట్ట తన పిల్లల్ని కూడా అక్కడికే పంపి, పొద్దెక్కేదాకా పడుకుంటోంది.

నీతి: దారి నేర్పేవాడు పిల్లలు చూసే వైపే తానూ చూడాలి.