గుట్ట మీది పిలుపు

అనగనగా, మన తాతల తాతలు కూడా ఇంకా పుట్టని రోజుల్లో, ఎర్రమట్టి సీమలో ఒక గుట్ట ఉండేది. గుట్ట మీద చెన్నకేశవుడి గుడి, గుడి చుట్టూ ఊరు. ఒక ఏడాది బావులన్నీ ఎండిపోయాయి. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని కింద వాగు ఒడ్డుకు దిగిపోయింది. దేవుణ్ణి కూడా తీసుకుపోదామనుకున్నారు. ఆయన్ని గుట్టరాతిలోనే చెక్కారాయె, ఎలా కదులుతాడు? దేవుడు ఉండిపోయాడు. దేవుడి కోసం పూజారి శఠగోపయ్య ఉండిపోయాడు.

ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. బండల మధ్య గుంటలో నిలిచిన వాననీళ్లు దేవుడికీ తనకూ సరిపోయేవి. పంటలప్పుడు ఊరివాళ్లు గుట్ట మొదట్లో కాసిని గింజలు పెట్టి వెళ్లేవారు. పైకి మాత్రం ఎక్కేవారు కాదు. అందరికీ మోకాళ్ల నొప్పులే!

ప్రసాదం ఇంకొకరికి పెట్టకుండా తాను తినకూడదని శఠగోపయ్యకు తండ్రి నేర్పాడు. అందుకని మిట్టమధ్యాహ్నం బండ చివర నిలబడి పిలిచేవాడు.

"రండయ్యా, ప్రసాదానికి రండి!"

ఎవరూ వచ్చేవారు కాదు.

"రండమ్మా, ప్రసాదానికి రండి!"

ఎవరూ వచ్చేవారు కాదు.

"ఎవరైనా సరే, రండి!"

ఊహూ. ఎవరూ రారు. కాకులకింత పెట్టి, మిగిలింది తాను తినేవాడు. ఆ పిలుపు కింద పొలాల దాకా వినబడేది. వినగానే అందరూ సద్దిమూటలు విప్పుకునేవారు. వాళ్లకది అన్నం వేళ గుర్తు, అంతే.

దేవుడి మీంచి తీసిన పూలు ఎవరి కాలికిందా పడకూడదు, పారే నీళ్లలో వదలాలి. గుట్ట మీద పారే నీళ్లెక్కడివి? శఠగోపయ్య వాటిని గుడ్డలో చుట్టి, గుడి వెనక గుంట తవ్వి పాతిపెట్టేవాడు. ఒకనాడు తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వచ్చిన కదిరప్ప అది చూశాడు. సామి ఏదో మూట పాతిపెడుతున్నాడని ఊళ్లో చెప్పాడు. సాయంత్రానికి మూట బిందె అయింది. తెల్లారేసరికి బిందె గంగాళమైంది, దాన్నిండా బంగారం!

ఆ రోజు మొదటి పిలుపుకే కదిరప్ప గుట్టెక్కాడు. వెనకే ఓబులమ్మ. ఆమె వెనక సగం ఊరు. శఠగోపయ్య ఎదురెళ్లి అందరినీ కూర్చోబెట్టాడు. అందరికీ దొప్పల్లో ప్రసాదం పెట్టాడు. పంటలెలా ఉన్నాయన్నాడు, పిల్లలెలా ఉన్నారన్నాడు. వాళ్లు అతని గోళ్లలో మట్టి చూస్తూ జవాబులిచ్చారు.

"ఏం సామీ, యాడ దాచినావు?" అన్నాడు కదిరప్ప.

తాను పాతే పూలమూటను బంగారం అనుకుంటున్నారని శఠగోపయ్యకు అర్థమైంది. ఏమీ లేదంటే రేపు ఎవరూ రారు. ఉందని అబద్ధమాడలేడు.

"రేపు రా నాయనా, పులిహోర చేస్తాను" అన్నాడు.

రెండో రోజూ అదే ప్రశ్న. "రేపు రా నాయనా, పరమాన్నం వండుతాను."

మూడో రోజు కదిరప్ప గడ్డపారతో వచ్చాడు.

"చెప్పవు గదా సామీ! దేవుని పాదాల కిందే ఉండాల" అని గడ్డపార ఎత్తాడు.

శఠగోపయ్య అడ్డం పడ్డాడు. "ఏమీ లేదు నాయనా. నేను పాతేది వాడిన పూలు. చెబితే మీరిక రారని చెప్పలేదు."

గుడి వెనక తవ్వి చూశారు. పూలే. కుళ్లి నల్లబడిన గన్నేరుపూలు.

"ఇంతేనా?" అన్నారు. ఒక్కొక్కరే దిగిపోయారు. సామి మూటను వేరేచోటికి మార్చాడని దారిలోనే ఇంకో మాట పుట్టింది.

మర్నాడు శఠగోపయ్య పిలిచాడు. ఎవరూ రాలేదు. ఆ తర్వాతా పిలిచాడు. ఏళ్లు గడిచి గొంతు సన్నబడింది. అయినా పిలుస్తూనే ఉన్నాడు.

ఒకనాడు పిలుపు రాలేదు. పొద్దు వాలింది. పొలాల్లో సద్దిమూటలు విప్పకుండా అలాగే ఉన్నాయి.

"సామి ఇంకా పిలవలేదే!" అంది ఓబులమ్మ.

కదిరప్ప కర్ర పక్కన పడేసి గుట్టెక్కాడు. బండ చివర శఠగోపయ్య రాతికి ఆనుకుని, ప్రాణం పోయి ఉన్నాడు. ముందు రెండు దొప్పలున్నాయి. ఒకటి తనకు. ఒకటి ఎవరైనా వస్తే వాళ్లకు. రెండిట్లోనూ ప్రసాదం అలాగే ఉంది.

కదిరప్ప కూలబడ్డాడు. రెండో దొప్ప ఒళ్లో పెట్టుకున్నాడు. "వచ్చినా సామీ" అన్నాడు. ఏడుస్తూనే అన్నం తిన్నాడు.

బంగారం మాట మాత్రం చావలేదు. ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో గడ్డపారలతో వస్తుంటారు. ఊరివాళ్లు తవ్వనివ్వరు, తరమనూ తరమరు. ముందు కూర్చోబెట్టి ప్రసాదం పెడతారు. సామి గుట్టకు ఎవరో ఒకరు వచ్చారు గదా అంటారు.

ఆ పొలాల్లో మధ్యాహ్నమైతే ఎవరో ఒకరు లేచి మూడుసార్లు పిలుస్తారు. మూడో పిలుపయ్యాక పిల్లా పెద్దా అందరూ గుట్టవైపు తిరిగి, "వస్తాండాం సామీ!" అంటారు. ఆ తర్వాతే ముద్ద నోట్లో పెడతారు.