బుర్రావారు వేసిన పరుగుదారి

గోదావరి కొండల మధ్యకు దూరే చోట పిట్టలరేవని ఒక ఊరుంది. ఆ ఊళ్ళో బుర్రావారి ఇంటికి తలుపు లేదు. తమ ఆస్తంతా తెలివేనని, అది తలల్లో భద్రంగా ఉందని, దొంగ వచ్చినా ఎత్తుకుపోయేదేమీ లేదని వాళ్ళ ధీమా. ఇంటి పెద్ద తాతబ్బాయి, అతని తమ్ముడు గంగులు, తాతబ్బాయి భార్య నూకాలు. ముగ్గురిలోకీ తెలివైనది తనేనని నూకాలుకు గట్టి నమ్మకం. మిగతా ఇద్దరికీ ఎవరి మటుకు వాళ్ళకి అదే నమ్మకం. అందుకే ఆ ఇంట్లో ఎప్పుడూ గొడవల్లేవు.

నూకాలుకు రేవు ఒడ్డున ఒక టిఫిన్ పాక ఉంది. ఆమె ఇడ్లీ నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది. అల్లం పచ్చడి సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ తినేవాళ్ళేరీ? లాంచీలు పై రేవులో ఆగడం మొదలయ్యాక పాకలో ఈగలే కూర్చుంటున్నాయి. ఇలాగైతే పాక పీకేయడమేనని తాతబ్బాయి అన్నప్పుడల్లా నూకాలుకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పదిమందికి వడ్డించడమంటే ఆ పిచ్చితల్లికి ప్రాణం.

సరిగ్గా అప్పుడు పట్నం నుంచి నాగభూషణం మాస్టారు వచ్చాడు. ఉద్యోగం అయిపోయిన డ్రిల్లు మాస్టారు. నలభై మందిని పోగేసి, అందమైన చోట్లు వెతికి మరీ పరుగెత్తిస్తుంటాడు. తరిమేవాళ్ళు లేకుండా మనుషులు ఊరికే ఎందుకు పరుగెత్తుతారో బుర్రావారికి అర్థం కాలేదు గానీ, పెద్దమనిషిని అడిగితే బాగుండదని ఊరుకున్నారు.

మాస్టారు ముగ్గుర్నీ వెంటేసుకుని దారంతా చూపించాడు. పాక దగ్గర బయల్దేరి ఇసుక ఒడ్డు వెంట, జీడిమామిడి తోటలోంచి, కొండవాలు మీదుగా, చీమలవాగు పక్కనుంచి మళ్ళీ పాక దగ్గరికి. కొండవాలు మీద నిలబడి వెనక్కి చూస్తే గోదావరి మొత్తం కాళ్ళ కిందే ఉన్నట్టుంటుంది. ఆదివారం పరుగు బాగా సాగితే నెలనెలా వస్తామని, టిఫిన్లన్నీ నూకాలువేనని మాస్టారు మాటిచ్చాడు. ఇక ఆమెకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

పనులు మూడు అప్పజెప్పాడు. దారి పొడవు కొలవాలి. నీడ ఉన్న చోటల్లా అంచున సున్నం గీత గీయాలి. మలుపుల దగ్గర ఎర్రగుడ్డలు కట్టాలి. మలుపులు రెండే. మొదటిది ఒక గేదె నిలబడ్డ చోట. దానివైపు వేలు చూపించి, అదుగో ఆ గేదె ఉన్న దగ్గర ఒకటి కట్టమన్నాడు. రెండోది వాగు దగ్గర. నేను నిలబడ్డ చోట ఇంకొకటి అన్నాడు. అలా చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కొలత మొదలైంది. ఇరవై మూరల తాడు తెచ్చారు. చెరో కొసా గట్టిగా పట్టుకోవాలని, పట్టు వదిలితే కొలత తప్పుతుందని మాస్టారు బస్సెక్కే ముందు మరీ మరీ చెప్పాడు. అంతే. ఒక కొస తాతబ్బాయి పట్టుకుని ముందు నడిచాడు, రెండో కొస గంగులు పట్టుకుని వెనక నడిచాడు. లెక్కపెట్టడానికి నూకాలు పక్కనే నడిచింది. మధ్యాహ్నానికి దారంతా తిరిగి పాక దగ్గరికి చేరారు. నూకాలు చూసింది. తమ్ముడి దగ్గర్నుంచి అన్న దాకా ఒక్క తాడే ఉంది. ఆమె గుండెలో రాయి పడింది. పట్నం నుంచి అంతమందిని రప్పించి ఇరవై మూరల దారి ఇస్తే ఏం మర్యాద? మాస్టారికి ఫోను చేసి దారి చాలా అందంగా ఉందండీ గానీ మొత్తం ఒక తాడే వచ్చిందండీ అని చెప్పుకుంది. ఆవిడ వేళాకోళమాడుతోందనుకుని ఆయన నవ్వి, అయితే కాస్త పొడిగించమ్మా అన్నాడు. ఇంకేముంది, గంగులు ఇంకో తాడు తెచ్చి దానికి ముడేశాడు. దారి రెండు తాళ్ళయింది. ముగ్గురూ హాయిగా ఊపిరి పీల్చుకుని అన్నం తిన్నారు.

సున్నం పని గంగులు ఒక్కడే నెత్తినేసుకున్నాడు. మరుసటి పొద్దున జీడిమామిడి తోట నీడ అంచున చక్కగా గీత గీశాడు. వాగు దాకా వెళ్ళి వెనక్కొచ్చేసరికి నీడ గీత దాటి ఇవతలికొచ్చేసింది. ఎవరో చెట్లు జరిపారనుకుని చుట్టూ వెతికాడు. ఎవరూ దొరకలేదు. మళ్ళీ గీశాడు. మళ్ళీ జరిగింది. సాయంత్రానికి పదిహేడు గీతలయ్యాయి. ఆ తర్వాత పొద్దు కొండ వెనక్కి దిగింది, ఊరంతా నీడే. అంతే, మిగిలిన సున్నమంతా ఊరంతా చల్లేశాడు. ఇంటికొచ్చి, నీడ అంచు ఎక్కడా దొరకలేదు వదినా, ఎక్కడా ఖాళీ వదల్లేదు అన్నాడు. మరిది కష్టానికి నూకాలు మురిసిపోయి పెద్ద గ్లాసు మజ్జిగిచ్చింది.

ఇక ఎర్రగుడ్డలు. తాతబ్బాయి మొదటి మలుపుకు వెళ్ళి చూస్తే గేదె లేదు. ఊళ్ళో వెతికి వెతికి, చివరికి తమ టిఫిన్ పాక వెనక పశువుల కొట్టంలోనే పట్టుకున్నాడు. అది వాళ్ళ గేదే. కొమ్ముకు గుడ్డ కట్టి, మాస్టారు ఎంత తెలివైనవాడో చూడు, ఇంటి గేదెనే చెప్పాడు అన్నాడు. రెండో గుడ్డ కట్టడానికి మాస్టారు ఊళ్ళో లేడు. అందుకని దాన్ని నూకాలు బొడ్లో దోపుకుంది. ఆదివారం తెల్లారి ఆయన బస్సు దిగీ దిగగానే చేతికి కట్టేసింది. ఈ ఊరి మర్యాద కాబోలనుకుని ఆయన చేతులు జోడించాడు.

ఆ పొద్దున నూకాలు గుండిగ నిండా ఇడ్లీలు దించింది. మాస్టారు ఆమెతో మెల్లగా ఒక మాట చెప్పాడు. పరుగు మధ్యలో తింటే డొక్కలో పోటొస్తుంది, అందుకని వీళ్ళు పూర్తిగా ఆగేదాకా ఎవరికీ పెట్టొద్దు, ఆగిన చోటే వేడివేడిగా పెట్టాలి అన్నాడు. తర్వాత నలభై మందివైపు తిరిగి, ఎర్రగుడ్డ ఎటుంటే అటు తిరగండి, ఇంకేం ఆలోచించొద్దు అని ఈల ఊదాడు.

నూకాలు ఆలోచనలో పడింది. వీళ్ళు ఎక్కడ ఆగుతారో ఎవడికి తెలుసు? ఆగిన చోట తను లేకపోతే పాక గతేమిటి? అంతే, గుండిగ నెత్తికెత్తుకుంది. పచ్చడి బకెట్టు గంగులుకిచ్చింది, విస్తళ్ళు మొగుడికిచ్చింది. ముగ్గురూ పరుగు అందుకున్నారు.

వాళ్ళకంటే ముందున్న నలభై మంది జీడిమామిడి తోటలో మేస్తున్న గేదెను చూశారు. ఎర్రగుడ్డ కనపడగానే దానివెంట తిరిగారు. గేదె బెదిరి పరుగెత్తింది. తోటలోంచి కొండవాలు మీదికి, అక్కడినుంచి పూలు పూసిన గడ్డిలోకి, నీటి అంచుకు, అది ఎటుపోతే వాళ్ళూ అటే. మాస్టారు లబోదిబోమంటూ అడ్డం పరుగెత్తాడు. ఆయన చేతికీ ఎర్రగుడ్డే కదా. సగం మంది ఆయన వెంట తిరిగారు. ఆయన ఆపమని చెయ్యెత్తి ఎటు ఊపితే అటు ఉరికారు. చివరికి గేదె పాలు పితికే వేళయిందని తిన్నగా పాక దగ్గరికి చేరింది. దాని వెనక సగం మంది, మాస్టారి వెనక సగం మంది వచ్చి, అమ్మయ్య అని కూలబడ్డారు.

పాకలో నరపురుగు లేదు. వాళ్ళ ఆకలి చూస్తే ఆ పాక కప్పునే తినేలా ఉన్నారు.

కాసేపటికి ఒడ్డు మలుపులో నూకాలు, ఆమె వెనకే అన్నదమ్ములిద్దరూ కనపడ్డారు. ఆమె నెత్తిన గుండిగ, గుండిగలోంచి ఆవిరి. నలభై మందికీ ప్రాణం లేచొచ్చింది. లేచి ఒక్కసారిగా ఆమె వైపు పరుగెత్తారు. నూకాలు చూసి నివ్వెరపోయింది. అయ్యో, వీళ్ళు ఇంకా ఆగలేదే!

"పెట్టకూడదు, డొక్కలో పోటొస్తుంది, పదండి" అంటూ వెనక్కి తిరిగి దౌడు తీసింది. వాళ్ళు ఆగమని అరుస్తూ వెంటపడ్డారు. మీరు ముందాగండి బాబూ అని ఆమె పరుగెత్తుతూనే బతిమాలింది. ఇసుక తిన్నె దాటి, చీమలవాగు గోదావరిలో కలిసే చోట మోకాటి లోతు నీళ్ళలోకి దిగింది. ఆ నీళ్ళలో అందరికీ కాళ్ళు లాగేసి, ఉన్నచోటే చతికిలబడ్డారు. అప్పుడు నూకాలు ఆగి, ఒక్కొక్కరినీ పరీక్షగా చూసి, అందరూ ఆగారని తేలాక గుండిగ దించింది. విస్తళ్ళు నీటిమీద తేలుతుంటే ఇడ్లీలు వడ్డించింది. ఎదురుగా కొండలు, నడుముదాకా చల్లని నీళ్ళు, నోట్లో అల్లం పచ్చడి. ఒక్కరూ లేస్తే ఒట్టు.

మాస్టారు ఎనిమిదో ఇడ్లీ తింటూ, "అమ్మా, ఇంత అందమైన దారిలో నేనెప్పుడూ పరుగెత్తలేదు, ఇంత సుఖంగా ఎప్పుడూ తినలేదు. నెలనెలా వస్తాం. టిఫిన్లు మాత్రం ఇక్కడే పెట్టాలి" అన్నాడు. నూకాలుకు సంతోషంతో ఏడుపొచ్చింది. పాక నిలబడింది.

నిలబడింది గానీ ఒడ్డునెందుకుండాలి? ఇక్కడే పెట్టాలని పెద్దమనిషి నోరు తెరిచి చెప్పాడు కదా. మర్నాడు పొద్దున్నే ముగ్గురూ పాక పీకి తెచ్చి మోకాటి లోతు నీళ్ళలో పాతారు. అక్కడే మూడు రాళ్ళు పేర్చి పొయ్యి వేశారు. ఎన్ని పుల్లలు గీసినా పొయ్యి అంటుకోదు. కట్టెలు పచ్చివని తాతబ్బాయి అన్నాడు. అగ్గిపెట్టె మంచిది కాదని గంగులు అన్నాడు. ఇంట్లోకెల్లా తెలివైన నూకాలు కాళ్ళ కింద నీళ్ళు తడిమి చూసి తల కొట్టుకుంది.

"ఇంత చల్లటి నీళ్ళలో పొయ్యెలా అంటుకుంటుందయ్యా? ముందు గోదారిని కాచాలి."

ఇంకేముంది, పక్కింటివాళ్ళ పొయ్యి అడిగి పుచ్చుకున్నారు. అన్నదమ్ములిద్దరూ బిందెలతో గోదావరిని మోసుకెళ్ళి కాచి తెచ్చి మళ్ళీ గోదావరిలో పోస్తున్నారు. తొమ్మిదో బిందె పోశాక నూకాలు వేలు ముంచి చూసి, అప్పుడే కాస్త గోరువెచ్చబడిందని చెప్పింది.