జమునియా గిన్నె

రాళ్లు సానపట్టే వీరోజికి ఆ ఉదయం గంజి కూడా గొంతు దిగలేదు. పొద్దెక్కేలోపు కోటలో ఒక మనిషి విషం తాగబోతున్నాడు. అదీ వీరోజి చేసిన గిన్నెలో, వీరోజి చెప్పిన మాట మీద.

ఆ మనిషి చస్తే వీరోజి చేతులు రెండూ నరికిస్తానని కోటను ఏలే కిల్లేదారు ముర్తుజా ఖాన్ అందరి ముందూ అన్నాడు. ఏదో అని ఊరుకునే రకం కాదు ఆయన.

వీరోజి ఉరుకులు పరుగుల మీద గుట్ట కింద ఫకీర్లుండే తకియాకు వచ్చాడు. కమ్లీ షా బాబా గొంగడి కప్పుకుని వాకిట్లో కూర్చుని మేకకు ఆకు తినిపిస్తున్నాడు. ఫకీరు మనిషి. వీరోజి ఆయన దగ్గర చిన్నప్పటి నుంచీ శిష్యుడు. ఈ మధ్య కోటలో పేరు వచ్చాక మాత్రం ఇటు రావడానికి తీరిక దొరకడం లేదు పాపం.

"బాబా, ఒక్క దువా చెయ్యుండ్రి. గిన్నె పనిచెయ్యాలె" అన్నాడు రొప్పుతూ.

"ఏం గిన్నెరా?"

వీరోజి చెప్పుకొచ్చాడు.

జమునియా అంటే నేరేడు పండు రంగు రాయి. ఇప్పుడు మనం అమెథిస్ట్ అంటున్నది అదే. అంత పెద్ద ముక్క దొరకడమే అరుదు. వీరోజి దాన్ని సాన మీద పెట్టి, కురువిందం పొడితో అరగదీసి అరగదీసి, ఒక వానాకాలం, ఒక చలికాలం కష్టపడి గిన్నె చేశాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపల రసం కదిలినట్టే ఉండేది. చూసినవాళ్లు నోరు తెరిచి ఉండిపోయేవారు.

పని అంత బాగా కుదిరినప్పుడు మనిషి నోరు మూసుకుంటే సరిపోయేది. వీరోజి మూసుకోలేదు. పూసలమ్మే ఒక పరదేశీ వర్తకుడు ఎప్పుడో ఒక మాట అన్నాడు. యవన దేశంలో ఈ రాతి గిన్నెలో తాగితే మత్తెక్కదని నమ్ముతారట. ఆ మాట కిల్లేదారు చెవిన వేశాడు. కిల్లేదారు కల్లు, సారా, ద్రాక్ష అని తేడా చూడని మనిషి. ఆ రాత్రి నుంచీ జమునియా గిన్నెలోనే తాగాడు. పొద్దున తల బరువు లేకుండా లేచాడు.

రాయి రంగుకు సగం పోసినా నిండా పోసినట్టే కనబడుతుంది. అడుగు కూడా వీరోజి మందంగా ఉంచాడు. తాగింది తక్కువ, అంతే. ఆ సంగతి వీరోజికి తెలుసు. పొగడ్తలు వస్తుంటే ఎందుకు చెబుతాడు?

ఒకరోజు కిల్లేదారే అడిగాడు, "మరి విషానికి?" అని. ఆయన అన్నగారు పళ్లెం ముందు కూర్చుని తింటూనే విషానికి పోయాడు. అప్పటి నుంచీ ఆయనకు ప్రతి ముద్దా అనుమానమే.

"విషమా? ఈ రాయి తగిలితే నీళ్లయిపోతది దొరా" అనేశాడు వీరోజి.

కిల్లేదారు కళ్లనీళ్లు పెట్టుకుని వీరోజి చేతులు పట్టుకున్నాడు. కాసేపటికి తేరుకుని, జాగ్రత్తగల మనిషి కనక, పరీక్ష పెడదామన్నాడు. కోట చెరసాలలో పోశెట్టి అనే నీళ్లు మోసేవాడు ఉన్నాడు. తోలుసంచి చింపాడని తిట్టిన జమాదారును కొట్టాడు, అదీ నేరం. విషం తాగి బతికితే వదిలేస్తామన్నారు. పోశెట్టి సరేనన్నాడు.

బాబా ఆకు తినిపించడం ఆపలేదు.

"ఆ రాయి గురించి నీ కంటితోని చూసింది చెప్పు."

వీరోజి తడుముకున్నాడు. "ఎండల పెడితే రంగు వెలుస్తది బాబా. నిప్పుల పెడితే పసుపు తిరుగుతది. పగిలితే గాజు పగిలినట్టే."

"మత్తు, విషం?"

"విన్నదే. విషం మాట అదీ గాదు, నేనే అన్న. చెప్పంగ చెప్పంగ నాకే నిజమనిపించింది."

"పోయి అబద్ధమని చెప్పరాదు?"

"చెప్తే చేతులు పోతయి. చేతులు పోతే సాన ఎట్ల పట్టాలె? ఏమో బాబా, పనిచేస్తదేమో గూడ. రాళ్లల్ల ఏముందో ఎవరు చూసొచ్చిండ్రు? మీరు దువా చేస్తే..."

బాబా మిగిలిన ఆకులు మేక ముందు పడేసి లేచాడు. "పా, నేనొస్త."

వీరోజికి ప్రాణం లేచి వచ్చింది. బాబా పక్కన ఉంటే ఏదో ఒకటి జరుగుతుందనుకున్నాడు.

కోట గుమ్మం దగ్గర పోశెట్టి భార్య రాజవ్వ నిలబడి ఉంది. వీరోజిని చూసి చేతులు జోడించింది. వీరోజి తల వంచుకుని ముందుకు నడిచాడు.

లోపల కొలువు తీరి ఉంది. హకీము వసనాభి అనే విషపు వేరు అరగదీసి గిన్నెలో కలిపాడు. గిన్నె నేరేడు రంగులో మెరుస్తోంది. లోపల ఏం పోశారో, ఎంత పోశారో బయటికి తెలియడం లేదు. ఎంత గొప్పగా చెక్కానో అని ఆ క్షణంలో కూడా వీరోజికి అనిపించింది.

పోశెట్టిని తెచ్చారు. సంకెళ్లు విప్పి గిన్నె చేతిలో పెట్టారు. చెరసాలలో మనిషి సగమైపోయాడు గానీ ముఖంలో బెదురు లేదు. చుట్టూ చూసి, వీరోజిని పోల్చుకుని నవ్వాడు.

"అన్నా, నువ్వే గదా దీన్ని చేసింది? ఏం గాదు గదా?"

కొలువంతా వీరోజి వైపు చూసింది. కిల్లేదారు చూశాడు. చేతులు నరకాల్సిన జల్లాదు కూడా చూశాడు. వాడి చేతిలో కత్తి ఉంది.

వీరోజి ఏం గాదన్నట్టు తలూపాడు.

పోశెట్టి కళ్లు మూసుకుని ఏ దేవుణ్ణో తలుచుకున్నాడు. గిన్నె ఎత్తాడు. వీరోజి తన పాదాల వైపు చూస్తూ నిలబడ్డాడు. చెవులు మాత్రం మూతపడవు కదా, గుటక చప్పుడు కోసం అవి ఎదురుచూస్తూనే ఉన్నాయి.

"ఆగు బిడ్డా."

బాబా ముందుకు నడిచి పోశెట్టి పెదాల దగ్గరి నుంచి గిన్నె అందుకున్నాడు. కిల్లేదారు ఆసనం మీద నుంచి సగం లేచాడు.

"ఏమిటిది బాబా?"

"మా తకియాల ఒక ఆనవాయితీ ఉంది ఖాన్ సాబ్. శిష్యుడు కుండ జేసినా, గిన్నె జేసినా తొలి గుక్క గురువుది. వీడు తొందరల మర్చిపోయి ముందు మీకిచ్చిండు. ఇయ్యాల నా గుక్క నేను తాగుత. తరువాత పోశెట్టి తాగుతడు."

"అందులో ఉన్నది విషం."

"నా శిష్యుడు ఏం గాదన్నడు గదా. వాడి మాట నేనే నమ్మకుంటే ఇంకెవరు నమ్ముతరు?"

కిల్లేదారు ఆపమన్నట్టు చెయ్యి ఎత్తాడు గానీ, ఆపమని నోటితో అనలేదు. ఆయనకూ తెలుసుకోవాలని ఉంది మరి.

బాబా వీరోజి వైపు చూడలేదు. బిస్మిల్లా అని గిన్నె ఎత్తాడు. గిన్నె అంచు తెల్లగడ్డానికి తగిలింది.

ఎవరో కేక పెట్టారు. ఆ కేక తనదేనని వీరోజికి తరువాత తెలిసింది. ఒక్క దూకుతో వెళ్లి బాబా చేతి మీద కొట్టాడు. గిన్నె రాతినేల మీద పడి ముక్కలైంది. విషం బండల సందుల్లోకి పారింది.

"తాగకుండ్రి! మహిమ లేదు, ఏం లేదు! వట్టి రాయి!" వీరోజి బాబా కాళ్లు చుట్టుకుని ఏడుస్తున్నాడు. "దొరా, నేను పుట్టించిన మాట అది. నా చేతులు తీసుకుండ్రి."

కిల్లేదారు నేల మీది ఊదా ముక్కల వైపు చూస్తూ కూర్చున్నాడు. పరీక్ష పెట్టకపోతే ఈ గిన్నె నమ్ముకుని ఎవరు ఏం పోసినా తాగేవాడినని తోచినట్టుంది, ముఖం పాలిపోయింది. జల్లాదు ఒక అడుగు వేశాడు. కిల్లేదారు వేలితో వారించాడు.

"మనిషి చస్తే చేతులు తీస్తానన్నాను. ఎవడూ చావలేదు" అన్నాడు చివరికి, చేదుగా. "పోశెట్టి బతికితే వదిలేస్తానన్నాను. బతికే ఉన్నాడు. ఇద్దర్నీ గెంటేయండి. ఈ సానవాడు మళ్లీ కోటలో కనబడకూడదు."

గుమ్మం బయట రాజవ్వ భర్తను పట్టుకుని భోరుమంది. ఇద్దరూ కలిసి వచ్చి వీరోజి కాళ్ల మీద పడ్డారు.

"మా దేవునివన్నా" అన్నాడు పోశెట్టి. "నీ చేతులు పోతయని భయపడక నా పాణం నిలబెట్టినవ్."

వీరోజి వాళ్లను లేపాడు. గుండె మీది బరువు దిగిపోయి హాయిగా ఉంది. ఇన్నాళ్లకు ఒక మంచి పని చేశాననిపించింది. వాళ్లు కనుమరుగయ్యే దాకా చూసి, బాబాతో కలిసి గుట్ట దిగాడు.

"పాణం పోయినంత పనైంది బాబా" అన్నాడు, నవ్వు ముఖంతో. "మీరు గిన్నె ఎత్తంగనే, అయ్యో బాబా పోతడని..."

బాబా ఆగాడు. కోపంగా ఏమీ లేడు. గొంగడి సర్దుకుని శిష్యుడి ముఖంలోకి నెమ్మదిగా చూశాడు.

"గిన్నె పోశెట్టి చేతుల ఉన్నప్పుడు, పోయేది ఎవరనుకున్నవురా?"