మూలన పడిన నీడ

కోదండపాణికి ధ్యానం కుదరడం లేదు.

కళ్లు మూసుకుంటే చాలు, ఏదో ఒకటి గుర్తుకొచ్చేది. వైరు బిగించానా, బండికి తాళం వేశానా అని లేచి చూసి వచ్చేవాడు. మళ్లీ కూర్చునేవాడు. మళ్లీ లేచేవాడు. వేసవిలో మొదలైన ఈ అవస్థ చలికాలం వచ్చినా తగ్గలేదు.

అతని గురువు అచలస్వామి. పేరుకు అచలుడే గాని ఒక్కచోట నిలిచిన మనిషి కాడు. మోకాళ్లు సహకరించినన్నాళ్లు కాలినడకన తిరిగాడు. అవి మొరాయించాక ఒక భక్తుడు తన పాత వ్యాను ఇచ్చాడు. వెనక సీట్లు తీసేసి చాపలు, ఒక పొయ్యి, నీళ్ల డబ్బాలు సర్దుకున్నారు. ఏటి ఒడ్డునో, గుట్ట పక్కనో, ఊరి బయట పొలాల్లోనో ఆగడం, మనసైనన్నాళ్లు ఉండడం, కదలడం. అదే వాళ్ల ఆశ్రమం.

కోదండపాణి ఒకప్పుడు గుంతకల్లులో బ్యాటరీల దుకాణం నడిపినవాడు. భార్య పోయాక దుకాణం తమ్ముడికి అప్పగించి స్వామి వెంట వచ్చేశాడు. స్వామికి చక్కెర జబ్బు. ఇన్సులిన్ ఎప్పుడూ చల్లగా ఉండాలి. అందుకని కోదండపాణే పూనుకుని మడతపెట్టే సోలార్ పలకలు, ఒక బ్యాటరీ, దానితో నడిచే చిన్న ఫ్రిజ్ పెట్టె అమర్చాడు. బండి ఎక్కడ ఆగినా ముందు దిగేవి ఆ పలకలే. పొద్దు తిరిగే కొద్దీ వాటినీ తిప్పేవాడు. దుమ్ము పడితే తన పైపంచెతోనే తుడిచేవాడు. "మా కోదండం చేసే సూర్యోపాసన ఇదీ" అని స్వామి నవ్వేవాడు.

అప్పట్లో బండిలో మూడో మనిషి కూడా ఉండేవాడు. పేరు సాయన్న. కోదండపాణి కంటే వయసులో పెద్ద, స్వామి దగ్గరికి వచ్చి చేరడంలోనూ ముందు. మాట తక్కువ. వంట చేయడం, నీళ్లు తేవడం, స్వామి కాళ్లు పట్టడం అతని పనులు.

ఆ వేసవిలో కోదండపాణి ఏదో పని పడి సొంతూరు వెళ్లాడు. అతను లేనప్పుడు ఒక మధ్యాహ్నం పెద్ద గాలి లేచింది. పలకలు ఎగిరిపోతాయని సాయన్న వాటిని ఊడదీసి బండిలో దాచాడు. గాలి తగ్గాక మళ్లీ పరిచి, తనకు తోచినట్టు క్లిప్పులు తగిలించాడు. ఎర్ర తీగ ఉండాల్సిన చోట నల్లది పడింది. చిటుక్కుమని ఒక నిప్పురవ్వ లేచింది. అంతకు మించి అతనికేమీ తెలియలేదు. ఫ్రిజ్ చప్పుడు ఆగిపోతే, అదీ కాసేపు విశ్రాంతి తీసుకుంటోందేమో అనుకున్నాడు.

ఎండకు బండి కొలిమిలా కాగింది. మందు పాడైంది. ఆ సంగతి తెలియక స్వామి రోజూ దాన్నే పొడుచుకున్నాడు. కోదండపాణి తిరిగొచ్చేసరికి స్వామి చాప మీద స్పృహ లేకుండా పడి ఉన్నాడు. పక్కన సాయన్న విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు.

ఆసుపత్రిలో స్వామి కోలుకున్నాడు. కానీ ఆ వరండాలో, వచ్చిన భక్తులందరి ముందు, కోదండపాణి సాయన్నను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఏమన్నాడో తర్వాత అతనికే సరిగా గుర్తులేదు. కోపం వచ్చింది, మాట వచ్చింది, రెండూ పోయాయి. సాయన్న తల వంచుకుని విన్నాడు.

కొన్నాళ్లకు, ఏదో ఊరి బస్టాండు దగ్గర సాయన్న బండి ఆపమన్నాడు. స్వామి కాళ్లకు మొక్కి, మూట చంకన పెట్టుకుని దిగిపోయాడు. స్వామి ఆపలేదు. కోదండపాణి లోలోపల హమ్మయ్య అనుకున్నాడు.

ఇప్పుడు బండి గోదావరి ఒడ్డున ఆగి ఉంది. ధ్యానం కుదరని సంగతి కోదండపాణి ఎన్నాళ్లో దాచుకుని, చివరికి స్వామితో చెప్పేశాడు. ఆహారం తగ్గించి చూశానన్నాడు. జపం పెంచి చూశానన్నాడు. ఏ లోపమూ లేకుండా అన్నీ చేస్తున్నా ఎందుకిలా అవుతోందని అడిగాడు. స్వామి విని, పొద్దుపోయింది పడుకోమన్నాడు.

మర్నాడు పొద్దున ఎండ బాగా కాసింది. కోదండపాణి పలకలు పరిచి, వంటకు కట్టెలు ఏరుకొచ్చి, అలవాటుగా మీటరు చూశాడు. బ్యాటరీలోకి కరెంటు దాదాపు రావడమే లేదు.

క్లిప్పులు ఊడదీసి గీకి మళ్లీ పెట్టాడు. వైర్లు పొడవునా తడిమి చూశాడు. బ్యాటరీ మీది మరలు బిగించాడు. ఫ్రిజ్‌లో మందు చల్లగానే ఉందో లేదో తాకి చూశాడు. అప్పుడు తలెత్తి చూస్తే, స్వామి స్నానం చేసి తడి తుండుగుడ్డను పలక కింది మూల మీద ఆరేసి ఉన్నాడు. ఆ పక్కనే కూర్చుని నదిని చూస్తున్నాడు.

కోదండపాణి తుండు తీసేశాడు. మీటరు లేచింది.

స్వామి ఆ తుండు అందుకుని మళ్లీ అక్కడే వేశాడు. మీటరు పడిపోయింది.

"స్వామీ, అక్కడ వేయకండి. ఆ మూల ఒక్కటి కప్పినా మొత్తం ఆగిపోతుంది. లోపల గళ్లన్నీ గొలుసులా ఒకదానికొకటి కట్టి ఉంటాయి."

"మూలే కదా."

"మూలే. అయినా అంతే స్వామీ."

స్వామి తుండు తీయలేదు. నది వైపే చూస్తూ అడిగాడు.

"సాయన్నది ఏ ఊరు?"

కోదండపాణి గుర్తు చేసుకోబోయాడు. ఏళ్ల తరబడి ఆ మనిషి చేతి అన్నం తిన్నాడు. జ్వరం వస్తే ఆ మనిషి కాచిన కషాయం తాగాడు. అతనికి ఏ ఊరూ గుర్తుకు రాలేదు. గుర్తుకు రావడానికి ఎప్పుడైనా అడిగితే కదా.

"తెలియదు స్వామీ."

"నాకూ తెలియదు. ఆ రోజు నీ అరుపులు నా మంచం దాకా వినబడ్డాయి. నా కోసమే కదా అరుస్తున్నాడు అనుకుని కళ్లు మూసుకున్నాను." స్వామి తుండు తీసి భుజాన వేసుకున్నాడు. "బండి తీయి."

సాయన్న మొదట స్వామిని కలిసిన సత్రం ఆ నది ఒడ్డునే, ఎగువన ఉంది. అక్కడి ముసలి వంటామె అతన్ని గుర్తుపట్టింది. పెన్‌గంగ ఏటి వైపు ఒక చిన్న ఊరి పేరు చెప్పింది. ఆ ఊరు చేరడానికి పత్తి చేల మధ్య మట్టిదారిలో చాలాసేపు పోవాల్సి వచ్చింది.

వాళ్లు వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. సాయన్న ఇంటి ముందు కూర్చుని కందికాయలు ఒలుస్తున్నాడు. బండిని చూసి గబగబా లేచాడు. స్వామి పాదాలు కళ్లకద్దుకుని చాలాసేపు లేవలేదు. తర్వాత కోదండపాణి వైపు తిరిగి, "నడుం నొప్పి తగ్గిందా తమ్మీ?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని కోదండపాణికి అనిపించింది.

సాయన్న కట్టెల పొయ్యి రాజేసి జొన్నరొట్టెలకు పిండి కలిపాడు. గదిలో చీకటి పడింది. తల మీదే బల్బు ఉంది, చేతికందే ఎత్తులోనే స్విచ్చు ఉంది. సాయన్న వాకిట్లోకి వెళ్లి పక్కింటి వైపు చూసి, "లచ్చవ్వా, జర లైటెయ్యి బిడ్డా" అని పిలిచాడు. పక్కింటావిడ లచ్చవ్వ చేస్తున్న పని ఆపి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి స్విచ్చు వేసింది. ఈ పెద్దమనిషి వంట తప్ప దేన్నీ ముట్టడని, స్విచ్చు ముట్టడు, ఫోను ముట్టడు, మొన్న మేక ఈనితే పిల్లను కూడా ఎత్తుకోలేదని నవ్వుతూ చెప్పి వెళ్లింది.

ఎందుకని అడిగాడు కోదండపాణి.

సాయన్న రొట్టె కొడుతూనే ఉన్నాడు. "నువ్వే అంటివి గద తమ్మీ, నా చెయ్యి వడితె ఏదీ బత్కదని."

 ఆ మాట కోదండపాణిదే. ఇప్పుడు వింటుంటే వరండా, గోడ పక్కన నిలబడ్డ భక్తులు, వంగిన ఆ తల, అన్నీ కనబడ్డాయి.

"అబద్ధమేం గాదు," అన్నాడు సాయన్న, ఓదార్చుతున్నట్టు. "స్వామి పానం మీదికి అచ్చె గద."

కోదండపాణి పిండి అంటిన ఆ చేతులు పట్టుకున్నాడు. కోపంలో అన్నానన్నాడు. ఏ తీగ ఎక్కడ పెట్టాలో ఒక్కసారైనా చూపించకుండా వెళ్లింది తనేనని, తప్పు తనదని చెప్పాడు. ఇంకా ఏదేదో చెప్పాడు. సాయన్న అన్నిటికీ తలూపి, "రొట్టె సల్లారుతది, తిను" అన్నాడు.

పొద్దున్నే కోదండపాణి వాకిట్లో పలకలు పరిచాడు. ఎర్ర క్లిప్పు సాయన్నకు అందించాడు.

"నువ్వు తగిలించు సాయన్నా. నేను పక్కనే ఉంటాను."

సాయన్న చెయ్యి చాచాడు. ఆ చెయ్యి క్లిప్పు దాకా వచ్చి ఆగింది. తర్వాత దాన్ని వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు.

"నువ్వే వెట్టు తమ్మీ. నీ చెయ్యి మంచిది."

అక్కడ కొన్నాళ్లు ఉన్నారు. రోజూ పొద్దున కోదండపాణి క్లిప్పు అందించేవాడు. రోజూ సాయన్న తల అడ్డంగా ఊపి, నవ్వి, పొయ్యి దగ్గరికి పోయేవాడు. తమతో రమ్మంటే, ఇక ఈడనే ఉంటనన్నాడు.

బయల్దేరే రోజు రొట్టెలు, నువ్వుల పొడి మూటగట్టి స్వామి ఒడిలో పెట్టాడు. బండి కదిలాక కూడా వాకిట్లో నిలబడే ఉన్నాడు.

పత్తి చేలు దాటారు. తారురోడ్డు ఎక్కే ముందు కళ్లు నిండి కోదండపాణికి రోడ్డు కనబడలేదు. బండి పక్కకు ఆపాడు. స్టీరింగు మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు.

"ఇన్నాళ్లూ బతిమాలినా ముట్టుకోలేదు స్వామీ. ఇంకేం చేయను?"

స్వామి మూట విప్పి ఒక రొట్టె తీసి, సగం విరిచి అతని చేతిలో పెట్టాడు.

"ఆ ఊరికి దారి తెలిసిందిగా," అన్నాడు.